ఆర్కిడ్ల కోసం బతికున్న స్ఫాగ్నమ్: హైదరాబాద్ బాల్కనీలో ఒక తొట్టి, అక్టోబర్ నుంచి జూలై దాకా ప్రాజెక్టు డైరీ

లక్ష్యం ఇది. హైదరాబాద్‌లో తూర్పు ముఖం బాల్కనీలో, ఎండాకాలం గడిచాక కూడా పచ్చగా నిలిచే స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు బాగా పీల్చుకునే బురదనేలల నాచు) తొట్టి ఒకటి సిద్ధం చేయాలి. అందులోంచి ఏటా కోసుకున్న మాస్‌తో ఫెలనాప్సిస్ పిల్లమొక్కలకూ, చిన్న రకం బల్బోఫిలమ్‌లకూ (రెండూ ఆర్కిడ్లే) కుండీలు నింపుకోవాలి.

ఎండు మాస్ ప్యాకెట్లు దొరుకుతుండగా ఇంత శ్రమ దేనికంటే, కుండీలో ఎండు మాస్ ఏడాది, ఏడాదిన్నరకే చివికి ముద్దవుతుంది. వేళ్లకు గాలి ఆగిపోతుంది, ఉప్పులు పేరుకుంటాయి. బతికున్న మాస్ పైనుంచి పెరుగుతూనే ఉంటుంది, తన చుట్టూ నీటిని ఆమ్లంగా ఉంచుతుంది, కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం వేరే ఉంది. నీళ్లు తగ్గినా, ఉప్పు పెరిగినా, వేడి ఎక్కువైనా ఆర్కిడ్ ఆకు చెప్పేలోపే మాస్ కొనలు చెప్పేస్తాయి. వేరు దెబ్బతిన్న సంగతి ఆర్కిడ్ నెల తర్వాత చూపిస్తే, మాస్ రెండు మూడు రోజుల్లో రంగు మారుస్తుంది.

అక్టోబర్: ముందు నీళ్లు

మాస్ కొనడానికి ముందే నీళ్ల ఏర్పాటు పూర్తి కావాలి. స్ఫాగ్నమ్‌కి వేళ్లు ఉండవు, ఒళ్లంతా నీళ్లు పీలుస్తుంది. దాని కణాల గోడలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటికి బదులు హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. అది పెరిగే చోట పీహెచ్ 4 దగ్గర ఉండటానికి ఒక కారణం ఇదే. బోరు నీళ్లు పోస్తే ఆ పట్టుకునే చోట్లన్నీ కాల్షియంతో నిండిపోతాయి, నీళ్లలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని చంపేస్తుంది. కొనలు మొదట పసుపు, తర్వాత గోధుమరంగు, చివరికి జిగురు.

టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన ఉప్పులను పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో, చూపేది) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కొలిచిన వరస ఇలా ఉంది. నేరుగా పట్టిన వాన నీళ్లు 10 పీపీఎం లోపు. ఆర్వో మెంబ్రేన్ నుంచి వచ్చినవి 30 నుంచి 50. అదే మెషీన్ కుళాయి దగ్గర 100 దాటాయి. కారణం, ఇంట్లో వాడే చాలా ఆర్వో మెషీన్లలో రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, లేదా కొంత ముడి నీటిని కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. ఆ రెండూ దాటకముందే టీ-కనెక్టర్ వేసి నీళ్లు తీసుకోవాలి. బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, వందల్లో ఉంటుంది.

ఏసీ నుంచి కారే నీళ్లు మీటర్‌లో చాలా శుభ్రంగా కనిపిస్తాయి. అయినా వద్దు. అవి రాగి, అల్యూమినియం కాయిల్ మీదుగా కారుతాయి. మాస్‌ని చంపడానికి మీటర్ పట్టుకోలేనంత తక్కువ రాగి చాలు. కాయిల్ శుభ్రం చేసిన రసాయనాలు కూడా అందులోకే దిగుతాయి. బ్యాటరీ వాటర్ సీలు క్యాన్‌లో ఉంటే పనికొస్తుంది, మెకానిక్ షాపులో తిరిగి నింపిన సీసాలు మాత్రం ముట్టొద్దు.

వాన నీళ్లకి 2 మీటర్లు × 2 మీటర్ల టార్పాలిన్‌ను స్లాబు మీద నాలుగు మూలలా కట్టి, మధ్యలో వాలు ఇచ్చాం. 25 మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్లు వస్తాయి. స్లాబు మీద పారిన నీళ్లు పట్టకూడదు. సిమెంటు నుంచి సున్నం కరిగి పీహెచ్ 8 దాటుతుంది. వాన మొదలైన పావుగంట నీళ్లు వదిలేసి ఆ తర్వాతివి పట్టాలి. నల్ల డ్రమ్ములో వెలుతురు తగలకుండా నిల్వ ఉంచి, మూతి మీద సన్నని నైలాన్ వల బిగించాలి. వల లేని డ్రమ్ములో డెంగీ దోమ వారంలో గుడ్లు పెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇది. తొట్టి అడుగున 4 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. మే నెలలో మాస్ మీంచి రోజుకు లీటరు ఆవిరవుతుంది, ఆ లీటరును మళ్లీ పోస్తాం. నీళ్లు పోతాయి, ఉప్పులు ఉండిపోతాయి. 40 పీపీఎం ఆర్వో నీళ్లతో నెలంతా నింపితే 1,200 మిల్లీగ్రాముల ఉప్పు చేరుతుంది, అంటే తొట్టి నీళ్లు 300 పీపీఎం పెరిగినట్టు. 8 పీపీఎం వాన నీళ్లతో అదే నెలలో పెరిగేది 60 మాత్రమే. కాబట్టి పోసే నీళ్లను కొలిస్తే సరిపోదు, తొట్టిలో నిలిచిన నీళ్లను కొలవాలి. మా గీత 60 పీపీఎం. అది దాటితే పైనుంచి 4 లీటర్ల వాన నీళ్లు నెమ్మదిగా పోసి పాత నీటిని పొంగు రంధ్రం గుండా బయటికి తోసేయాలి.

నవంబర్: మాస్ సేకరణ

బతికున్న మాస్‌ని నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే తెప్పించుకోవాలి. ఏప్రిల్‌లో కొరియర్ వ్యాన్‌లో రెండు రోజులు మగ్గితే పెట్టె విప్పేసరికి ఉడికిపోయి ఉంటుంది. దొరికే దారులు: కలింపోంగ్, సిక్కిం వైపు ఆర్కిడ్ నర్సరీలు, బెంగళూరు లాంటి నగరాల్లో కీటకాహార మొక్కలు పెంచేవాళ్లు. రెండోవాళ్ల దగ్గర కొనడమే మంచిది. వాళ్లు తొట్టిలో పెంచిన మాస్ అప్పటికే మైదానపు వేడికి కొంత అలవాటు పడి ఉంటుంది. కొండ నుంచి కోసి పంపింది మొదటి ఎండాకాలంలోనే సగం పోతుంది.

అడవిలో కోసుకురావడం అసలే వద్దు. 1927 నాటి భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో గడ్డి, తీగలు, రెల్లుతో పాటు మాస్‌ని కూడా పేరు పెట్టి చెప్పింది. అడవి నుంచి తెచ్చిందైతే అది అటవీ ఉత్పత్తే. పైగా కొండ మీద ఆ మాస్ దుప్పటి కిందే ఊట నిలుస్తుంది. అమ్మేవాళ్లను "ఇది పెంచిందా, కోసుకొచ్చిందా?" అని అడగండి. నీళ్లు నమిలితే వేరే చోటు చూసుకోండి. విదేశం నుంచి తెప్పించాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి పర్మిట్, ఎగుమతి దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవన్న పత్రం) కావాలి. సంచీలో దాచుకుని తేవడం ఆర్కిడ్లు పెంచేవాళ్లకు తగని పని.

ఆన్‌లైన్‌లో 'గ్రీన్ మాస్' పేరుతో వచ్చేవాటిలో చాలావరకు స్ఫాగ్నమ్ కాదు. చాపలా పరుచుకునే షీట్ మాస్, గుండ్రటి కుషన్ మాస్, గడ్డంలా వేలాడే స్పానిష్ మాస్ (ఇది అనాస కుటుంబపు మొక్క), బూడిదరంగు రెయిన్‌డీర్ మాస్ (ఇది లైకెన్) ఏదైనా రావచ్చు. పీట్ మాస్ అంటే బురదనేలల్లో ఏళ్ల తరబడి చివికిన స్ఫాగ్నమ్ పొడి, ఈ పనికి రాదు. అమ్మేవారిని మాస్ కొసల దగ్గరి ఫొటో అడిగితే సగం అనుమానం తీరిపోతుంది.

అసలైనది 10 రెట్ల లెన్సు కింద చూడండి. కాండం కొసన లేత కొమ్మలన్నీ ఒక్కచోట కుక్కుకుని నక్షత్రంలాంటి తల కనిపిస్తుంది. పెరిగేది అక్కడే. ఆ కింద కాండం పొడవునా కొమ్మలు మూడు నాలుగు చొప్పున గుత్తులుగా వస్తాయి. ప్రతి గుత్తిలో కొన్ని పక్కలకు చాచుకుంటే కొన్ని కాండానికి అంటిపెట్టుకుని కిందికి వేలాడతాయి. వేలాడేవే వత్తుల్లా నీళ్లను పైకి లాగుతాయి. ఆకుకు నడిమి ఈనె ఉండదు. బళ్లో వాడే మైక్రోస్కోప్ దొరికితే ఒక ఆకు పెట్టి చూడండి. సన్నటి పచ్చ కణాల వల, ఆ వలకన్నుల్లో రంగులేని పెద్ద ఖాళీ కణాలు. ఖాళీ కణాలు చచ్చినవే. వాటి గోడలకు రంధ్రాలు, లోపల కూలకుండా చుట్టల్లాంటి పట్టీలు ఉంటాయి. ఎండు బరువుకు పదిహేను, ఇరవై రెట్ల నీళ్లు నిలిచేది వాటిలోనే. అవి ఎండి గాలి నిండితే మాస్ తెల్లగా కనిపిస్తుంది.

రకాల్లో లావు కొమ్మలు, పడవలా వంగిన ఆకులు ఉన్నదాన్ని ఎంచుకున్నాం. న్యూజిలాండ్ దక్షిణ దీవి పడమటి తీరం నుంచి ఎండు మాస్‌గా వచ్చే స్ఫాగ్నమ్ క్రిస్టాటమ్, చిలీ నుంచి వచ్చే స్ఫాగ్నమ్ మాగెల్లానికమ్ ఈ లావు జాతివే. సన్నగా, ఈకల్లా మెత్తగా ఉండే రకాలు నీళ్లలో తేలుతూ పెరగడానికి బాగుంటాయి గానీ కుండీ మీద త్వరగా ఎండిపోతాయి.

రెండో దారి ఎండు మాస్‌ని మళ్లీ చిగురింపజేయడం. ఒక డబ్బాలో అదీ పెట్టాం. పొడవు పోగుల ప్యాకెట్, అందులో తలలు కనిపించేది తీసుకోవాలి, తరిగినది దండగ. రాత్రంతా వాన నీళ్లలో నానబెట్టి, పిండి, 3 సెంటీమీటర్ల మందాన పరిచి, మూత పెట్టి, 22 నుంచి 26 డిగ్రీల మధ్య రోజుకు 12 గంటల వెలుతురు ఇవ్వాలి. ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు పక్క మొగ్గల్లోంచి పచ్చ చుక్కలు రావచ్చు. వేడితో శుద్ధి చేసిన సరుకైతే ఎంతకాలం చూసినా రావు, ఆ మాట ప్యాకెట్ మీద రాసి ఉండకపోవచ్చు. అందుకే దీన్ని పక్కన పెట్టుకునే ప్రయత్నంగానే చూడాలి.

చేతి తొడుగులు తప్పనిసరి. స్పోరోత్రిక్స్ అనే శిలీంధ్రం మాస్‌లో ఉండి, చర్మం మీది చిన్న గీతలోంచి లోపలికి పోతుంది. 1988లో అమెరికాలో స్ఫాగ్నమ్‌తో మొక్కలు చుట్టినవాళ్లలో 15 రాష్ట్రాల్లో 84 మందికి ఈ జబ్బు వచ్చింది. చేతి మీద మానని పుండు, దాని పైన గొలుసుకట్టుగా గడ్డలు వస్తే డాక్టరుకి "మాస్‌తో పని చేశాను" అని చెప్పాలి. ఎండు మాస్ దులిపేటప్పుడు మాస్కు కూడా పెట్టుకోవాలి.

వచ్చిన మాస్‌ని వెంటనే తొట్టిలో నాటలేదు. మూడుసార్లు వాన నీళ్లలో కడిగి, 24 గంటలు పూర్తిగా ముంచి ఉంచాం. నత్తపిల్లలు పైకి తేలాయి, పురుగులు బయటికొచ్చాయి. మాస్‌కి ఈ మునక ఏమీ చేయదు. తర్వాత విడి డబ్బాలో నీడన రెండు వారాలు.

నవంబర్ చివర: తొట్టి కట్టడం

45 × 35 సెంటీమీటర్లు, 20 ఎత్తు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ స్టోరేజ్ బాక్సు. అడుగు నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తున పక్క గోడకు 8 మిల్లీమీటర్ల పొంగు రంధ్రం. పీవీసీ పైపును 3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి తొమ్మిది చోట్ల నిలబెట్టి, వాటి మీద గట్టి ప్లాస్టిక్ జాలీ. నాలుగు మూలలా జాలీని కోసి, ఎండు మాస్ కుక్కిన చిన్న నెట్ పాట్లు (జాలీ కుండీలు) అడుగుకు తగిలేలా దింపాం. నీళ్లను పైకి తెచ్చే వత్తులు అవే. జాలీ మీద దోమతెర గుడ్డ, దాని మీద 3 సెంటీమీటర్ల ఎండు మాస్. ఒక మూలన నిలువు పైపు ఉంచాలి. నీళ్లు నింపడానికీ, మీటర్ ముంచడానికీ అదే దారి.

ఇనుప జాలీ, గాల్వనైజ్డ్ తీగ, ఇత్తడి నాజిల్ వాడొద్దు. జింకు, రాగి రెండూ మాస్‌కి విషమే. కంకర వేయాలనిపిస్తే ముందు రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి, పొంగితే సున్నపురాయి.

బతికున్న పోగులను తలతో కలిపి 4 సెంటీమీటర్లకు కత్తిరించి, తల సెంటీమీటరు పైకి ఉండేలా, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. అప్పుడు తలలు నీటి మట్టానికి నాలుగున్నర సెంటీమీటర్ల పైన ఉంటాయి. ఈ ఎత్తు మీదే సగం ఫలితం ఆధారపడి ఉంది. తలలు నీళ్లకు మరీ దగ్గరైతే పోగులు సాగి, వదులై, పాచి పడతాయి. మరీ ఎత్తైతే హైదరాబాద్ పొడిగాలికి వత్తులు చాలవు.

వెలుతురు: 50 శాతం షేడ్ నెట్ కింద ఉదయపు ఎండ రెండు గంటలు, దానికి తోడు 6500 కెల్విన్ 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్ లైట్) 30 సెంటీమీటర్ల పైన 12 గంటలు. మూతను 1 సెంటీమీటరు తెరిచి పెట్టాం. మూత పూర్తిగా బిగించిన డబ్బా మీద నేరుగా ఎండ పడితే లోపల కొద్ది నిమిషాల్లోనే బయటికన్నా పది డిగ్రీలు పైకి పోతుంది.

డిసెంబర్, జనవరి

మాస్‌కి హైదరాబాద్‌లో ఇవే పండగ నెలలు. రాత్రి 13, 15 డిగ్రీలు, పగలు 28. రెండో వారానికల్లా తలలు బిగుసుకుని పచ్చబడ్డాయి. ఆ తర్వాత నెలకు సెంటీమీటరు అటూఇటూ పెరుగుదల. వెలుతురు బాగా తగిలిన అంచున పొట్టిగా, ఒత్తుగా, కొద్దిగా ఎరుపు తిరిగి ఉంది. బ్యాటెన్‌కి దూరంగా ఉన్న మూలన సన్నగా సాగింది. సాగిన చోట వెలుతురు పెంచాలి, ఎరువు పెట్టకూడదు.

ఎండు మాస్ డబ్బాలో జనవరి చివర పచ్చ చుక్కలు అక్కడక్కడా కనిపించాయి. వాటితో పాటు వేరే మాస్ రకం మొలకలూ వచ్చాయి. అవి పలచగా, ఈనె ఉన్న ఆకులతో నిటారుగా లేస్తాయి. పట్టకారుతో అప్పుడే లాగేయాలి. వదిలేస్తే స్ఫాగ్నమ్‌ని కప్పేస్తాయి.

ఫిబ్రవరి: ఆర్కిడ్లు నాటడం

ముందు ఏవి వద్దో చెప్పాలి. మన అడవుల్లో మామిడి, ఇప్ప చెట్ల మీద కనిపించే వాండా టెస్సెలాటా, ఏరిడిస్, రింకోస్టైలిస్‌లకు లావు వేళ్లు తడిసి గంటల్లో ఆరిపోవాలి. మాస్‌లో పెడితే కుళ్లుతాయి. చలికాలం నీళ్లు ఆపాల్సిన డెండ్రోబియాలకూ, కాట్లియాలకూ ఇది చోటు కాదు. మాస్‌డెవాలియా, డ్రాకులా లాంటి చల్లకొండ జాతులకు మాస్ ప్రాణమే గానీ హైదరాబాద్ రాత్రులు వాటికి పడవు. ఇక్కడ పనికొచ్చేవి ల్యాబ్‌లో మొలిపించిన ఫ్లాస్క్ (గాజు సీసా) నుంచి తీసిన ఫెలనాప్సిస్ పిల్లలు, చిన్న ఆకుల బల్బోఫిలమ్‌లు, వేళ్లు పోయి మళ్లీ వేయించాల్సిన ఫెలనాప్సిస్‌లు.

ఫ్లాస్క్ పిల్లలకు చేసిన తీరు: గోరువెచ్చని నీళ్లలో అగర్ (సీసాలోని జెల్లీ) పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలితే దాని మీద బూజు పడుతుంది. 5 సెంటీమీటర్ల నెట్ పాట్ అడుగున మూడో వంతు థర్మోకోల్ ముక్కలు. వేళ్ల చుట్టూ నానబెట్టి పిండిన ఎండు మాస్. వేలితో నొక్కితే దిగి తిరిగి లేవాలి, అంతే బిగువు. పైన 1.5 సెంటీమీటర్ల మందాన మాత్రమే బతికున్న మాస్, తలలు పైకి. మొక్క మొదలు, అంటే ఆకులు పుట్టే చోటు, మాస్ కన్నా 5 మిల్లీమీటర్లు పైనే ఉండాలి. కుండీ నిండా బతికున్న మాస్ పెట్టడం వృథా. వెలుతురు తగలని మాస్ ఎలాగూ చచ్చిపోతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి ఎండు మాస్ కన్నా ముందే చివుకుతుంది. పెద్ద ఫెలనాప్సిస్ వెడల్పాటి ఆకుల నీడలో పై పొర కూడా నిలవదు. వాటికి ఎండు మాసే మేలు.

బల్బోఫిలమ్‌లను కార్క్ చెక్క మీద 2 సెంటీమీటర్ల మాస్ దిండు పెట్టి, చేపల గాలపు దారంతో కట్టాం. దుంప (ఆకు మొదట్లోని ఉబ్బు) కిందికి మాస్ రాకూడదు, పక్కలకు మాత్రమే.

ఇక్కడి నుంచి పోటీ మొదలవుతుంది. మాస్ ఆర్కిడ్ పిల్ల కన్నా వేగంగా పెరిగి మొవ్వను మింగేస్తుంది. నెలకోసారి కొన కత్తెరతో మొదలు చుట్టూ వేలి మందం ఖాళీ చేయాలి. కత్తిరించిన తలలు పారేయకూడదు, తొట్టిలో గుచ్చితే నాటుకుంటాయి.

మార్చి: ఎరువు

ఆర్కిడ్‌కి ఎరువు కావాలి, మాస్‌కి ఎరువంటే పడదు. నత్రజని ఎక్కువైతే తలలు ముదురాకుపచ్చగా ఉబ్బి, విడిపోయి, వాటి మీద పాచి పేరుకుంటుంది. మాస్‌తో ఉన్న కుండీలకు రెండు వారాలకోసారి లీటరుకు 0.1 గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉన్న ఎరువు), అంటే లీటరులో దాదాపు 19 మిల్లీగ్రాముల నత్రజని. ఆకుల మీదా, వేరు కొనల మీదా పిచికారీ చేసి, మర్నాడు వాన నీళ్లతో పైనుంచి కడిగేయాలి. 0.1 గ్రాము తూచే కాటా లేకపోతే 10 గ్రాముల ఎరువును లీటరు నీళ్లలో కలిపి, ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు లీటరుకు వాడండి.

టీడీఎస్ మీటర్ చూసి ఎరువు కొలవకండి. మన దగ్గర దొరికే 19-19-19లో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియాకు విద్యుదావేశం లేదు కాబట్టి మీటర్‌కి అది కనిపించదు. మీటర్ చూపేది తక్కువ, మాస్ తినేది ఎక్కువ.

మాస్ కాల్షియం లాగేసుకుంటుంది కాబట్టి ఏడాది దాటాక లేత ఆకు కొనలు నల్లబడొచ్చు. కుండీలో సున్నం వేస్తే మాస్ పోతుంది. ఆ మొక్కను బెరడు ముక్కల కుండీకి మార్చేయడమే సరైన పరిష్కారం. బతికున్న మాస్‌ను పిల్లమొక్కల బడిగానే చూస్తున్నాం, ఏడాది, ఏడాదిన్నర దాటిన మొక్కను అక్కడ ఉంచడం లేదు.

శిలీంధ్రం మచ్చ కనిపించిందని రాగి మందులైన కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం కొట్టొద్దు. వారంలో తొట్టి మొత్తం గోధుమరంగైపోతుంది. మొక్కను బయటికి తీసి విడిగా చికిత్స చేయాలి.

ఏప్రిల్, మే: అసలు పరీక్ష

ఎండాకాలంలో మూత బిగించి తేమ నిలపాలన్న సలహా చల్లని దేశాల నుంచి వచ్చింది. ఇక్కడ అది పనిచేయదు. తడిసిన మాస్ నుంచి నీళ్లు ఆవిరైతే దాని తల చల్లబడుతుంది. ఎంత చల్లబడగలదో తడి-బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) చెబుతుంది. హైదరాబాద్‌లో 41 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉన్న మధ్యాహ్నం తడి-బల్బు 25 దగ్గర ఉంటుంది. అదే విశాఖపట్నంలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే తడి-బల్బు 30. అంటే నడి వేసవిలో హైదరాబాద్ పొడి ఎండే మాస్‌కి కాస్త నయం, మూత తీసి గాలి ఆడనిస్తే. మూత మూస్తే లోపలి గాలి తేమతో నిండిపోతుంది, ఆవిరి ఆగిపోతుంది, చల్లదనమూ ఆగిపోతుంది.

అందుకే ఏప్రిల్ మొదట్లో మూత పూర్తిగా తీసేసి, పక్క నుంచి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాం. గాలి మాస్ మీదుగా మెల్లగా జారాలి, నేరుగా కొట్టకూడదు. షేడ్ నెట్ రెండు పొరలు. బ్యాటెన్‌ను తెల్లవారుజాముకు మార్చాం, వేడి గంటల్లో ఆపేశాం. ప్రోబ్ థర్మామీటర్ మొనను తలల మధ్య గుచ్చి చూస్తే బాల్కనీ 40 ఉన్నప్పుడు తలల దగ్గర 28, 29. ఫ్యాన్ ఆపి చూస్తే 33కి ఎక్కింది. 30 దాటకుండా నిలపడమే ఈ నెలల్లో పని. ఎక్కే రోజుల్లో అర లీటరు మంచు సీసా ఒకటి మధ్యాహ్నం నిలువు పైపు పక్కన నీళ్లలో పెట్టాలి. సీసా బిగుతుగా మూసి ఉండాలి, లోపల ఉన్నది కుళాయి నీళ్లు.

దీనికి చెల్లించే మూల్యం నీళ్లు. రోజుకు లీటరు పైనే పోతుంది. అక్టోబర్ లెక్క ఇప్పుడు కళ్లముందుకొస్తుంది. వాన నీళ్ల నిల్వను చలికాలంలో ఆర్వోతో నెట్టుకొచ్చి, ఈ రెండు నెలల కోసమే దాచుకోవాలి. వారానికోసారి పొంగు నీళ్లు కొలిచి 60 దాటితే కడగడం. ఉప్పు ముందు కనిపించేది అడుగు నీళ్లలో కాదు, తలల్లో. ఆవిరి అయ్యేది అక్కడే కాబట్టి ఉప్పు అక్కడే చేరుతుంది. పైనుంచి పోస్తేనే అది దిగుతుంది, పైపులోంచి నింపితే దిగదు.

డెసర్ట్ కూలర్ గాలి తగిలేలా తొట్టి పెట్టకండి. కూలర్ ట్యాంకులో నీళ్లు రోజంతా ఆవిరై ఉప్పు కూడుతూ ఉంటుంది, ప్యాడ్ నుంచి ఎగిరే తుంపర ఆ ఉప్పును మోసుకొస్తుంది. ఆ వైపు అంచు కొనలు ముందు తెల్లపొరతో, తర్వాత గోధుమరంగుతో కనిపిస్తాయి.

తెల్లబడిన తల చచ్చిందో, ఎండిందో తేల్చుకోవడం సులువు. తడిపి గంట ఆగండి. పచ్చదనం తిరిగొస్తే ఎండింది, తడిసి కూడా గడ్డి రంగులోనే ఉంటే వేడికి పోయింది. పోయిన తలల కింద కాండం తరచూ బతికే ఉంటుంది, కాబట్టి పీకేయకుండా పైభాగం కత్తిరించి వదిలేయాలి.

విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు ఫ్యాన్ ఒక్కటే చాలదు. తడి-బల్బు 30 ఉన్నచోట గాలి ఎంత ఆడినా మాస్ అంతకన్నా చల్లబడదు. మే, జూన్‌లలో తొట్టిని ఎల్ఈడీ కింద ఏసీ గదిలోకి మార్చడం, లేదా రోజుకు రెండు మంచు సీసాలు.

జూన్, జూలై: వానలు, పాచి, కోత

తొలకరితో మాస్ పుంజుకుంది, దాంతో పాటే తేమకు వచ్చే చీడలూ. నీలి-ఆకుపచ్చ జిగురు పాచి గాలి ఆడని మూలన, ఎరువు చేరిన చోట మొదలవుతుంది. మందు లేదు, అవసరమూ లేదు. పాచి పట్టని తలలు కోసి కడిగి పక్కన పెట్టి, కింద 3 సెంటీమీటర్ల పొర తీసేసి, కొత్త ఎండు మాస్ వేసి తలలు మళ్లీ నాటాలి. ఫంగస్ గ్నాట్ అనే నల్ల చిన్న ఈగ పిల్లలు లేత వేళ్లు కొరుకుతాయి. పసుపు జిగురు కార్డులు, నీళ్లలో కలిపే బీటీఐ బ్యాక్టీరియా మందు చాలు, రెండూ మాస్‌కి హాని చేయవు. 3 మిల్లీమీటర్ల గోధుమరంగు నత్తలు రాత్రి వేరు కొనలు తింటాయి. దోసకాయ ముక్క పెట్టి తెల్లవారకముందే ఏరేయాలి, కుండీ మొత్తం నిండితే ఒక రాత్రి ముంచాలి.

జూలైలో మొదటి కోత. తొట్టిలో సగమే కోయాలి, మిగతా సగం రెండు నెలలకు. పైనుంచి 5 సెంటీమీటర్లు కత్తెరతో తీసి, కింద మొద్దు 3 సెంటీమీటర్లు వదలాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ మొద్దుల పక్కల నుంచి కొత్త తలలు వస్తాయి. సగం తొట్టి నుంచి వదులుగా కొలిస్తే 4 లీటర్లకు కాస్త తక్కువ మాస్ వచ్చింది. ఒక 5 సెంటీమీటర్ల కుండీ పై పొరకు 30 మిల్లీలీటర్లు పడుతుంది, కాబట్టి వందకు పైగా పిల్లమొక్కలకు సరిపోతుంది. మిగిలినది నీళ్లు పిండేసి, జిప్ కవర్లో గాలి కొంచెం ఉంచి, ఫ్రిజ్ కింది అరలో పెడితే నెలల తరబడి బతుకుతుంది. తినే పదార్థాలకు దూరంగా, కవరు మీద పేరు రాసి పెట్టండి.

తర్వాతి తొట్టికి మార్చాలనుకుంటున్నవి రెండు. ఒకటి, లోతును 20 నుంచి 30 సెంటీమీటర్లకు, అడుగు నీళ్లను 4 నుంచి 10 లీటర్లకు పెంచడం. నీళ్లు ఎక్కువైతే ఉప్పు పెరిగే వేగం అంత తగ్గుతుంది, ఊరెళ్లినా వారం దాకా ఎండదు. ఇంకోటి, పొంగు రంధ్రానికి బదులు బయటి నుంచి ఎత్తు మార్చుకునే ఎల్బో (వంపు) పైపు. చలికాలంలో మట్టం సెంటీమీటరు దించి, మే నెలలో సెంటీమీటరు పెంచుకోవచ్చు.